తెలుసనుకున్న చోట ఆగిపోయే ప్రశ్నలు

తెలుగులో కుతూహలాన్ని చెప్పే మాటలు రెండు రకాలు. ఆరా తీయడం, కూపీ లాగడం, తల దూర్చడం, వేలు పెట్టడం వంటివి రోజూ నోట ఆడే మాటలు. వాటిలో ఒక్కదానికీ మంచి పేరు లేదు. జిజ్ఞాస, కుతూహలం, జ్ఞానతృష్ణ వంటివి గౌరవనీయమైన మాటలే గాని, సన్మాన పత్రాల్లోనూ ముందుమాటల్లోనూ కనిపించినంతగా ఇంటి మాటల్లో వినిపించవు. బ్రహ్మసూత్రాల్లో మొట్టమొదటి సూత్రమే జిజ్ఞాస అనే మాటతో ముగుస్తుంది. తెలుసుకోవాలనే కోరికకు ఒక శాస్త్రపు గడప దగ్గరే చోటిచ్చిన సంప్రదాయంలో, నలభై ఏళ్ల మనిషి వీధిలో గొయ్యి తవ్వుతున్నవారి దగ్గర ఆగి "ఈ గొట్టం ఎక్కడి నుంచి వస్తోంది?" అని అడిగితే మాత్రం, ఈయన మున్సిపాలిటీ మనిషా, ఫిర్యాదు చేయడానికి వచ్చాడా అని వాళ్లు ముందు అనుమానిస్తారు. అదే ప్రశ్న ఆయన చేయి పట్టుకుని నడుస్తున్న ఐదేళ్ల పాప అడిగితే పార పక్కన పెట్టి మరీ చెబుతారు.

వయసు పెరిగే కొద్దీ కుతూహలం సన్నగిల్లుతుందనే నమ్మకం మనలో ఎంతగా పాతుకుపోయిందంటే, దాన్ని పరీక్షించి చూడాలన్న ఆలోచన కూడా సాధారణంగా రాదు. పరీక్షించినవారికి దొరికిన సమాధానం అంత సూటిగా లేదు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రజ్ఞులు మరికొందరితో కలిసి, 20 నుంచి 84 ఏళ్ల మధ్య వయసున్నవారిని పరిశీలించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో కుతూహలాన్ని రెండుగా విడదీసి చూశారు. కొత్త విషయాలంటే తనకు ఆసక్తి ఎక్కువని మనిషి తన స్వభావం గురించి చెప్పుకునేది ఒకటి; ఎదురుగా ఒక ప్రశ్న పెట్టినప్పుడు దాని జవాబు కోసం అప్పటికప్పుడు కలిగే ఆత్రం మరొకటి. మొదటిది వయసుతో పాటు తగ్గుతూ పోయింది. రెండోది యౌవనంలో కొంత తగ్గి, నడివయసు దాటాక మళ్లీ పెరిగి, వార్ధక్యంలో ఇంకా పైకి వెళ్లింది. అంటే తమకు ఆసక్తి తగ్గిందని చెప్పుకునే పెద్దవారే, సరైన ప్రశ్న ఎదురైతే కుర్రవారికన్నా ఎక్కువ ఆత్రంగా జవాబు కోసం చూస్తున్నారు.

మధ్యలో పడిపోయే ఆ కాలం ఏ కాలమో గమనిస్తే కారణం కొంతవరకు తనంతట తానే తెలుస్తుంది. ఉద్యోగం, పెళ్లి, పిల్లల ఫీజులు, ఇంటి అప్పు కిస్తీలు, తల్లిదండ్రుల అనారోగ్యాలు అన్నీ వచ్చి పడే సంవత్సరాలవి. పనికొచ్చే సంగతి తప్ప మరొకటి తెలుసుకునే తీరిక ఆ వయసులో ఉండదు. తెలుగునాట దీనికి ఇంకో కారణం కూడా తోడవుతుందని చెప్పాలి. పదో తరగతి మొదలుకొని ఇంటర్, ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్), ఆ తరువాత గ్రూప్స్ వరకు చదువంతా 'ఇంపార్టెంట్ క్వశ్చన్లు' చుట్టూ తిరుగుతుంది. "ఇది సిలబస్‌లో లేదు కదా" అనే మాట విని పెరిగిన మనిషికి, ఉద్యోగం రాగానే తెలుసుకోవడం అనే పనే ముగిసిపోయినట్టు అనిపించడంలో వింత లేదు. పరీక్ష అయిపోయింది, పుస్తకాలు అటకెక్కాయి.

కుతూహలం ఆయుష్షును పెంచుతుందని ఈ మధ్య తరచుగా వినబడుతోంది. సగటు వయసు 70 దాటిన 1,118 మంది పురుషులను అయిదేళ్ల పాటు గమనించి 1996లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, బతికి ఉన్నవారు మొదట్లోనే ఎక్కువ కుతూహలం కనబరిచినవారని తేలిన మాట నిజమే. అయితే ఆరోగ్యం లోలోపల క్షీణిస్తున్న మనిషికి ముందుగా సన్నగిల్లేది ఆసక్తే కావచ్చు గనుక, దేనివల్ల ఏది జరిగిందో ఆ లెక్క నుంచి తేల్చి చెప్పడం కష్టం. కుతూహలాన్ని మందుబిళ్లలా సిఫారసు చేయనక్కరలేదు. దాని విలువకు అంతకన్నా దగ్గరి కారణాలున్నాయి.

అసలు కుతూహలం ఎలా పుడుతుందన్న ప్రశ్నకు ఇప్పటివరకు వచ్చిన సమాధానాల్లో ఎక్కువమంది ఒప్పుకున్నది, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ లోవెన్‌స్టీన్ 1994లో ప్రతిపాదించినది. తనకు తెలిసినదానికి, తెలుసుకోవాలనుకుంటున్నదానికి మధ్య ఒక ఖాళీ ఉన్నదని మనిషి గుర్తించినప్పుడు కలిగే అసౌకర్యమే కుతూహలమని ఆయన వాదం. పంటి సందులో పీచు ఇరుక్కుంటే నాలుక మాటిమాటికీ అక్కడికే పోయినట్టు, మనసు ఆ ఖాళీ దగ్గరికే పోతుంది. ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. ఖాళీ కనబడాలంటే దాని చుట్టూ కొంత నిండి ఉండాలి. ఏమీ తెలియని విషయంలో ఖాళీ అంటూ వేరుగా ఉండదు, అంతా ఖాళీయే గనుక. 2009లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు చిన్న చిన్న లోకజ్ఞాన ప్రశ్నలతో చేసిన ప్రయోగం దీన్నే చూపించింది. జవాబు బొత్తిగా తెలియని ప్రశ్న మీదా, ఖచ్చితంగా తెలుసనుకున్న ప్రశ్న మీదా ఆసక్తి తక్కువగానే ఉంది; నోటి దాకా వచ్చి ఆగినట్టుండే ప్రశ్న మీద అది అన్నిటికన్నా ఎక్కువ. ఎక్కువ కుతూహలం కలిగించిన ప్రశ్నల జవాబులనే తరువాత పిలిచి అడిగినప్పుడు బాగా గుర్తుంచుకోగలిగారు.

సంగీతం నుంచి ఒక ఉదాహరణ తీసుకుంటే ఇది ఇంకా స్పష్టమవుతుంది. రాగాల పరిచయం లేని శ్రోతకు మోహన, హంసధ్వని రెండూ వినసొంపైన పాటలే, అంతకు మించి అడగవలసినదేమీ ఆయనకు తోచదు. మోహన రాగాన్ని పదిసార్లు విని గుర్తుపట్టడం అలవాటైన మనిషి హంసధ్వని విన్నప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగిపోతాడు. అచ్చం మోహనలాగే వస్తోంది, కానీ ఎక్కడో పక్కకు తిరిగింది, ఎక్కడ? స, రి, గ, ప వరకు రెండూ ఒకే దారిన నడిచి, మోహన 'ద' దగ్గరికి వెళితే హంసధ్వని 'ద'ను వదిలి 'ని' దగ్గరికి వెళుతుందని తెలిసిన రోజున ఆ శ్రోత చెవి మారిపోతుంది. ఆ తరువాత ప్రతి రాగం ఆయనకు ఒక ప్రశ్నగానే వినిపిస్తుంది.

నడివయసులో కొత్త వ్యాపకం మొదలుపెట్టదలచినవారికి "ముందు మీకు దేని మీద ఆసక్తి ఉందో కనుక్కోండి" అని చెప్పడం ఈ దృష్టితో చూస్తే తలకిందుల సలహా. ఆసక్తి ఎక్కడో దాగి ఉండి వెతికితే దొరికేది కాదు. ఏదో ఒక విషయంలో మొదటి కొన్ని వారాల పొడి చదువు పూర్తయ్యాక గాని అది మొలవదు. పక్షుల గురించి పుస్తకం కొని నాలుగు రోజుల్లో మూలన పెట్టేసినవారిలో చాలామంది, గోరింకకూ గోరువంకకూ తేడా ఉందా, లేక అది ఒకే పిట్టకు రెండు పేర్లా అనే మొదటి చిక్కు దాకా కూడా వెళ్లకుండానే తమకు ఆసక్తి లేదని తేల్చుకుంటారు.

పెద్దవారికి ఇంతకన్నా పెద్ద అడ్డంకి, తమకు తెలిసినదానిలో ఖాళీ లేకపోవడం. నిజంగా లేకపోవడం కాదు, లేనట్టు తోచడం. యేల్ విశ్వవిద్యాలయంలో లియోనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కీల్ 2002లో ప్రచురించిన పరిశోధనలో, జిప్పు, తాళం, కుట్టుమిషను వంటి వస్తువులు ఎలా పనిచేస్తాయో ఎంతవరకు తెలుసో చెప్పమని జనాన్ని అడిగారు. చాలామంది తమకు బాగానే తెలుసన్నారు. సరే, అడుగడుగూ వివరించి రాయమన్న తరువాత మళ్లీ అదే ప్రశ్న వేస్తే, తమ అంచనాను తామే తగ్గించుకున్నారు. వాడుక వల్ల వచ్చిన చనువును తెలివిడిగా పొరబడటం మనుషులందరికీ ఉన్న గుణమే గాని, ఇరవై ఏళ్లుగా ఒకే వస్తువును వాడుతున్న మనిషిలో అది మరింత బలంగా ఉంటుందనుకోవచ్చు.

ప్రెషర్ కుక్కర్‌ను తీసుకుంటే, కందిపప్పు ఉడకాలంటే మూడు విజిల్స్ రావాలని తెలియని ఇల్లు ఉండదు. విజిల్ ఎందుకొస్తుంది? ఆవిరి వల్ల. ఆవిరి అప్పటిదాకా ఎందుకు ఆగింది, వచ్చాక మళ్లీ ఎందుకు ఆగిపోయింది? ఈ రెండో ప్రశ్న దగ్గర చాలామంది తడబడతారు. మూత మీద పెట్టే ఆ బరువు, తన కింద ఉన్న సన్నని రంధ్రాన్ని మూసి ఉంచుతుంది; లోపలి ఆవిరి ఒత్తిడి ఆ బరువును ఎత్తగలిగినంత పెరిగాక అది లేస్తుంది, ఆవిరి చప్పుడుతో బయటపడుతుంది, ఒత్తిడి కాస్త తగ్గగానే బరువు మళ్లీ కూర్చుంటుంది. ఒత్తిడి పెరిగిన చోట నీరు 100 డిగ్రీలకు బదులు సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టే పప్పు తొందరగా ఉడుకుతుంది. ఇక్కడి దాకా వచ్చిన మనిషికి తరువాతి సంగతి తనకే తట్టాలి. బరువు లేచే స్థాయికి ఒత్తిడి చేరుకున్నాక మంట ఎంత పెంచినా లోపలి వేడి పెరగదు. నీరు ఆవిరై పోవడం మాత్రం పెరుగుతుంది. అంటే మొదటి విజిల్ రాగానే మంట తగ్గించినా పప్పు అంతే వేగంగా ఉడుకుతుంది, గ్యాస్ మిగులుతుంది. ఇంకా ముందుకు వెళితే, పెద్ద మంట మీద మూడు విజిల్స్ త్వరగా వస్తాయి, చిన్న మంట మీద ఆలస్యంగా వస్తాయి కాబట్టి, ఉడకడాన్ని కొలవవలసింది విజిల్స్ లెక్కతోనా, గడియారంతోనా అన్న సందేహం వస్తుంది. ముప్ఫై ఏళ్లుగా విజిల్స్ లెక్కపెడుతున్న వంటింట్లో ఈ సందేహం పుట్టడానికి కావలసినదల్లా ఎవరికైనా ఒకరికి కుక్కర్ సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పబోవడమే. చెప్పబోయినప్పుడే మాట ఎక్కడ తెగిపోతుందో తెలుస్తుంది.

చేతిలో ఫోను ఉన్న కాలంలో ఖాళీలు పూడ్చుకోవడం సులువైందన్నది నిజం. ఆ సులువుకు ఒక వెల ఉన్నదన్నదీ నిజం. ఇంటర్నెట్‌లో వెతికి జవాబులు చూసినవారు, ఆ తరువాత వాటితో సంబంధం లేని వేరే విషయాల్లో కూడా తమకు ఉన్నదానికన్నా ఎక్కువ తెలుసని అనుకున్నట్టు 2015లో వెలువడిన మరో పరిశోధన చూపించింది. అందులోనూ కీల్ పాలుపంచుకున్నాడు. దొరికే చోటు తెలిసి ఉండటం, తెలిసి ఉండటంగా మారిపోతోంది. మరొక వైపు, డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2014లో జరిగిన ప్రయోగంలో, ఆసక్తి రేపిన ప్రశ్నకు జవాబు కోసం ఎదురుచూస్తున్న ఆ కొద్ది క్షణాల్లో, ప్రశ్నతో ఏ సంబంధమూ లేని ముఖాల చిత్రాలు చూపించారు. కుతూహలం ఎక్కువగా ఉన్నప్పుడు చూసిన ముఖాలు కూడా వారికి మెరుగ్గా గుర్తున్నాయి. జవాబు కోసం ఆగి ఉన్న మెదడు చుట్టుపక్కల దేన్నైనా పట్టుకోవడానికి సిద్ధంగా ఉంటుందన్న మాట. ప్రశ్న తట్టిన మరుక్షణంలో ఫోను తీసి చూసే అలవాటు ఈ నిరీక్షణకే చోటు లేకుండా చేస్తుంది. వెతకడానికి ముందు తన ఊహ ఏమిటో ఒక కాగితం మీద రాసుకుని, సాయంత్రం దాకా ఆగి చూడటం చిన్న పనే, కానీ దాని ఫలితం వేరుగా ఉంటుంది. తన ఊహ తప్పని తేల్చిన జవాబు అంత తేలిగ్గా మరుపుకు రాదు.

మనస్తత్వ శాస్త్రంలో కుతూహలాన్ని వర్గీకరించిన తొలితరం పరిశోధకుడు డేనియల్ బెర్లైన్ 1950, 60 దశకాల్లోనే, విసుగు పోగొట్టుకోవడానికి ఏదో ఒక కొత్తదనం వెతుక్కునే కుతూహలాన్ని, ఫలానా సంగతి తెలిసి తీరాలనే కుతూహలాన్ని వేరు చేసి చూపించాడు. రీల్స్ ఒకదాని తరువాత ఒకటి జరుపుతూ పోయే వేలికి మొదటి రకానికి ఏ లోటూ లేదు. మనిషిని పెంచేది రెండోది, దానికి గంటలూ రోజులూ కావాలి.

గంటలు అందరికీ సమానంగా లేవన్న సంగతిని ఈ విషయం మీద రాసేవారు తరచుగా దాటవేస్తారు. తెల్లవారుజామున లేచి, ఇంటిపని ముగించి, కూలికో ఆఫీసుకో వెళ్లి, తిరిగి వచ్చి వంట చేసే స్త్రీకి 'రోజూ అరగంట కొత్త విషయానికి కేటాయించండి' అనే సలహా వల్ల ఉపయోగం లేదు. అయినా తెలుగునాట పెద్దల కుతూహలం చేసిన అతి పెద్ద పనుల్లో ఒకటి అలాంటి స్త్రీలదే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సాగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా, పగలంతా పనిచేసి రాత్రిపూట పలకలు పట్టుకున్న దూబగుంట స్త్రీలు, తాగుడు వల్ల కూలిన ఒక కుటుంబం కథను పాఠంగా చదివారు. సారా వల్ల ఇల్లు గుల్లవుతుందని వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అది వారి అనుభవం. పాఠం చదివి కలిసి మాట్లాడుకున్నప్పుడు, ఇది మన ఊళ్లోకి ఎలా వస్తోంది, దీన్ని ఆపడం మన చేతుల్లో ఎందుకు లేదు అన్న ప్రశ్నలు వచ్చాయి. ఊరి సారా దుకాణాన్ని మూయించారు. జిల్లా కదిలింది, రాష్ట్రం కదిలింది, 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. ప్రశ్న వేయడానికి వారికి దొరికినవి రోజుకు కొద్ది గంటలు, పక్కన కూర్చున్న మరికొందరు మనుషులు.

అడగనిదే అమ్మైనా పెట్టదని సామెత ఉన్నా, పెద్దవారికి అడగడమే కష్టం. ఆఫీసులో పదేళ్ల సర్వీసున్న ఉద్యోగి నిన్న చేరిన కుర్రవాణ్ణి "ఇది ఎలా చేస్తారయ్యా?" అని అడగడానికి వెనకాడతాడు, తెలియదని బయటపడితే చులకనవుతాడన్న భయం. నిజానికి చేతిపని తెలిసినవారు తమ పని గురించి గౌరవంగా అడిగేవారి కోసం ఎదురుచూస్తూ ఉంటారు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న నేతన్నను ధర ఎంతని కాకుండా, పడుగు తెగితే ఎలా అతుకుతారని అడిగితే చాలు, ఆయన పని ఆపి ముడి వేసి చూపిస్తాడు. అడిగినవాడి కన్ను అప్పుడే బట్టలో ఆ ముడిని వెతకడం మొదలుపెడుతుంది.

ఇలా అడిగే గుణం ఒక జీవితాన్ని ఎంత దూరం తీసుకుపోగలదో చూడాలంటే గిడుగు వెంకట రామమూర్తి జీవితం కన్నా దగ్గరి ఉదాహరణ దొరకడం కష్టం. ఆయన పేరు చెప్పగానే వ్యావహారిక భాషోద్యమం గుర్తొస్తుంది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ ఉద్యమానికి ముందున్న పాతికేళ్ల గురించి మాట్లాడుకునేది తక్కువ. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చిన్న తరగతుల ఉపాధ్యాయుడిగా చేరిన మనిషి ఆయన. కుటుంబ భారం, చాలీచాలని జీతం, ఇంకా పూర్తికాని చదువు అన్నీ ఉన్నాయి. ఆ పరిస్థితుల్లోనే ముఖలింగం ఆలయ శాసనాల మీద ఉన్న పాత లిపిని ఎవరూ నేర్పకుండానే చదవడం నేర్చుకుని, వాటి మీద వ్యాసం ప్రచురించాడు. ఆ గుడికి తరతరాలుగా వేలమంది వెళ్లి, ఆ రాతి మీది గీతలను చూసి దండం పెట్టి వచ్చారు.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరలు సంతకు వచ్చేవారు. వాళ్లు మాట్లాడుకునే మాట అటు తెలుగూ కాదు, ఇటు ఒడియా కూడా కాదు; ముండా కుటుంబానికి చెందిన ఆ భాషకు ఈ రెంటితోనూ చుట్టరికం లేదు. ఊరివారికి అది అర్థంకాని అడవి గోల. రామమూర్తికి అది ఒక భాష, దానికీ ఒక వ్యాకరణం ఉండి తీరాలి. సవర భాష, తెలుగు రెండూ వచ్చిన ఒక సవర వ్యక్తిని ఇంట్లో పెట్టుకుని, ఆయన్నే గురువుగా చేసుకుని నేర్చుకున్నాడు. బడిపంతులు సవర మనిషి ముందు శిష్యుడిగా కూర్చోవడం ఆ కాలంలో ఎంత అసాధారణమో వేరే చెప్పనక్కరలేదు. ఆ భాషలో పాఠాలు, పాటలు, కథలు రాసి సవర పిల్లలకు బడులు నడిపాడు. ప్రభుత్వం ఆ కృషికి పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరల కోసం మరో బడి పెట్టమన్నాడని చెబుతారు.

1906 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె. ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ మధ్య ఇంత తేడా ఎందుకని అడిగినప్పుడు, ఆ ప్రశ్నను గట్టిగా పట్టుకున్నవాడు నలభై దాటిన రామమూర్తి. పండితులకు అది అజ్ఞాని వేసిన ప్రశ్నలా తోచి ఉండవచ్చు. రాత అంటూ లేని భాషకు కూడా నిక్కమైన వ్యాకరణం ఉంటుందని సవరల దగ్గర అప్పటికే నేర్చుకున్న మనిషికి, నోటి తెలుగుకు నియమాలు లేవన్న వాదన నిలవదని తెలుసు. ఈ రెండు పనుల మధ్య సంబంధం అక్కడే ఉందని అనిపిస్తుంది. 1911లో ఉద్యోగం వదిలి, పాత వచన గ్రంథాలనూ వ్యాఖ్యానాలనూ తిరగేసి, వాడుక రూపాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఏరి చూపిస్తూ శేష జీవితమంతా ఆ వాదనకు ఇచ్చాడు.

సవర పని మాత్రం ఆగలేదు. కొండ ప్రాంతాల్లో తిరిగినప్పుడు పట్టుకున్న చలిజ్వరాలకు వాడిన క్వినైన్ వల్ల ఆయనకు చెముడు వచ్చింది. సవర భాషలో గొంతు దగ్గర శ్వాసను ఒక్క క్షణం ఆపి పలికే ధ్వనులున్నాయి. తెలుగు అక్షరాల్లో వాటికి గుర్తు లేదు, మంచి చెవికి కూడా అవి తేలిగ్గా దొరకవు. వినికిడి తగ్గిపోతున్న ఆ మనిషి తయారుచేసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వ ముద్రణగా వెలువడేనాటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు.